నాకా దాటిన మూడు చీరలు

పాస్‌పోర్టు ఎలా ఉంటుందో మా మాచర్లలో పట్టుమని పదిమందికి కూడా తెలియని ఆ ఎనభైల్లో నేనొకసారి కారులో దేశం సరిహద్దు దాటి, అవతల భోంచేసి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేశాను. మాచర్లకి దగ్గర్లో ఏ పరాయి దేశం ఉందా అని మీరు మ్యాపు తీయనక్కర్లేదు. ఆ సరిహద్దు మ్యాపులో లేదు, మా నాయనమ్మ బుర్రలో ఉంది. ఆవిడ లెక్కలో కృష్ణకి ఇవతల మనం, అవతల నైజాం. నైజాం పోయి ముప్పై ఏళ్ళు దాటిందనీ, ఇప్పుడు అందరిదీ ఒకే రాష్ట్రమనీ, అటూ ఇటూ తిరిగేది ఒకే ఎర్ర బస్సనీ నేను ఎన్నిసార్లు చెప్పినా, "నైజాం పోతే పోయుండొచ్చు, నాకా ఎక్కడికి పోద్దిరా" అనేది. అప్పటికి నేను డిగ్రీ పాసై, ఉద్యోగం రాక, నేర్చుకున్న జ్ఞానాన్నంతా ఇంట్లోవాళ్ళ మీదే వాడుతున్నాను. (ఖాళీగా ఉన్న డిగ్రీవాడంత ప్రమాదకరమైన మనిషి ఇంకొకడు ఉండడని మా నాన్న అభిప్రాయం. ఇప్పుడు నా అభిప్రాయమూ అదే.)

నాకా అంటే ఏటి రేవులో నైజాం వాళ్ళు పెట్టుకున్న సుంకం ఠాణా. అవతలికి వెళ్ళే కొత్త సరుకు దేనికైనా అక్కడ పన్ను కట్టాలి. నాయనమ్మ వాళ్ళక్కని ఏటవతల ఊరికి ఇచ్చారు. ఆ అక్క సీమంతానికి మా నాయనమ్మ, అప్పటికి ఇరవై నిండిన పిల్ల, ముచ్చటపడి కొన్న కొత్త చీరని మూట కట్టుకుని పడవ దాటింది. నాకా జవాను పదిమందిలో మూట విప్పించాడు. కట్టడానికి చేతిలో ఏమీ లేకపోయేసరికి చీర ఠాణాలోనే ఉండిపోయింది. తోటి ఆడవాళ్ళు నవ్వారట. కొత్త చీర మూటలో ఉంటే సుంకం గాని ఒంటిమీద కట్టుకుంటే ఎవడడుగుతాడు, ఆ మాత్రం తెలీదా పిల్లా అన్నారట. ఆవిడ ఉత్త చేతులతో అక్క గడప తొక్కి, ఏడ్చి, మళ్ళీ ఆ గట్టు ఎక్కితే ఒట్టు అనుకుని వెనక్కి వచ్చింది. ఒట్టు నిలబెట్టుకోవడంలో మా పల్నాటి వాళ్ళని మించినవాళ్ళు లేరు, అందులోనూ దానివల్ల ఎవరికీ లాభం లేనప్పుడు. నలభై ఏళ్ళపాటు నాయనమ్మ ఏరు దాటలేదు. అక్కే ఏటా వచ్చి పది రోజులుండి పోయేది. మా ఇంట్లో పిల్లలందరికీ ఆవిడ ఏటవతలి నాయనమ్మ.

రెండేళ్ళుగా ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఏటవతలి నాయనమ్మకి రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి. ఆ వేసవిలో వాళ్ళబ్బాయి, నాకు బాబాయి వరస, ఒక కార్డు రాశాడు. నల్గొండలో కంటి ఆపరేషనుకి రోజు ఖాయం చేశామనీ, అమ్మ ససేమిరా అంటోందనీ, కంట్లో కత్తి పెట్టించుకునే కన్నా చీకట్లో ఉండటమే నయమని మంచం దిగడం లేదనీ, ఇంకా ఆలస్యం చేస్తే ఉన్న కాస్త చూపూ దక్కదని డాక్టరు చెప్పాడనీ, పిన్ని, అంటే మా నాయనమ్మ, వచ్చి ఒక్క మాట చెబితే వింటుందేమోననీ దాని సారాంశం. నేను పైకి చదివి వినిపించాను. నాయనమ్మ అప్పటికే తోమిన చెంబునే మళ్ళీ తోముకుంటూ కూర్చుంది. మూడు రోజులు అదే వరస. అక్క కళ్ళు ఒకవైపు, ఒట్టు ఒకవైపు. మధ్యలో నేను భారత రాజ్యాంగం ప్రకారం పౌరులు ఎక్కడికైనా వెళ్ళవచ్చునని ఉపన్యాసం ఇచ్చాను. నా వైపు చూడను కూడా చూడలేదు.

నాలుగోరోజు పొద్దున్నే మా ఇంటిముందు ఒక అంబాసిడర్ ఆగింది. అందులోంచి మంచినీళ్ళకోసం దిగినవాడు మా వీధి చివర షెడ్డు మెకానిక్కు, సాయిబు. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. ఊళ్ళో అందరూ స్పానరు మామ అనేవాళ్ళు, పెళ్ళిభోజనానికి వచ్చినా జేబులో స్పానరు ఉండేదని. కారు ఒక నాపరాళ్ళ కాంట్రాక్టరుది. ఇంజను బోరు చేయించి కొత్త పిస్టన్లు వేసిన బండిని ముప్పై దాటకుండా రోజంతా తిప్పితే గాని లోపలి సామానంతా ఒకదానికొకటి అలవాటుపడదట. ఓనరు, రోజంతా కాకపోతే రెండ్రోజులు తిప్పుకో, ఇంజను మాత్రం జాగ్రత్త అన్నాడట. ఎటు తిప్పినా తిప్పడమే కదా, ఎటు పోదాం అల్లుడూ అన్నాడు మామ. నేను నాయనమ్మ వినేలా, "సాగర్ మీదుగా నైజాం పోదాం మామా" అన్నాను. ఉడికిద్దామని అన్న మాట అది. నాయనమ్మ చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పావుగంట తర్వాత తలుపు తీసుకుని వచ్చిన మనిషిని చూసి మామ తాగుతున్న నీళ్ళు పొలమారాయి. మా నాయనమ్మ గాలికి ఎగిరిపోయేంత సన్నటి మనిషి. వచ్చినావిడ మాత్రం గుమ్మంలో పక్కకి తిరిగితే గాని పట్టలేదు. అక్కకోసం కొని, ఆవిడ రాక పెట్టెలో ఉండిపోయిన రెండు కొత్త చీరలు ఒకదానిమీద ఒకటి కట్టుకుని, అవి కనపడకుండా రోజూ కట్టే నేత చీరని పైన చుట్టుకుంది. నలభై ఏళ్ళ కిందట తెలియని కిటుకు ఇప్పుడు అమల్లో పెట్టిందన్నమాట. "నేనూ వస్తన్నా" అంది. అంతటితో ఆగలేదు. బాబాయి కోసం దాచిన కొత్త చొక్కా నా చేతిలో పెట్టి, నా చొక్కామీద అది కూడా తొడుక్కోమంది. అసలు నాకాయే లేదు, లేని నాకాకి భయపడి రెండు చొక్కాలు వేసుకోవడం నా సిద్ధాంతానికి విరుద్ధం అన్నాను.

"నాకా లేదంటివిగా. మరి తొడుక్కోటానికి నీకు భయమేంది?"

డిగ్రీ పట్టా పరువు పోకుండా, నా అంతట నేనే అన్నట్టు తొడుక్కున్నాను. బాబాయి నాకన్నా పొట్టి, నాకన్నా లావు. అద్దంలో చూసుకుంటే దిండుకి గలీబు తొడిగినట్టున్నాను.

మే నెలలో మాచర్ల ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఆ ఎండలో ముప్పై స్పీడు. మామ చెవిని స్టీరింగుకి ఆనించి ఇంజను చెప్పేది వింటూ నడిపేవాడు, మమ్మల్ని గట్టిగా ఊపిరి కూడా పీల్చనిచ్చేవాడు కాదు. ఒక పాల సైకిలువాడు మమ్మల్ని దాటిపోయి, టీకొట్టు దగ్గర దిగి, టీ తాగి, బీడీ కాల్చుకుని, మళ్ళీ మమ్మల్ని దాటిపోయాడు. వెళ్తూ వెళ్తూ తోయమంటారా అని అడిగాడు కూడా. సగం దారిలో మామ హఠాత్తుగా బండి ఆపి, ఏదో వేడెక్కుతోంది అల్లుడూ అంటూ బానెట్ ఎత్తి, నీళ్ళు చూసి, ఆయిలు చూసి, ఇంజను చల్లగానే ఉందని ఆశ్చర్యపోయాడు. వేడెక్కింది వెనకసీట్లో. నాయనమ్మ ముఖం కందగడ్డలా ఉంది. రేడియేటరుకని తెచ్చిన నీళ్ళు సగం ఆవిడ నెత్తిన పోశాం. వంతెన వచ్చేదాకా లోపలి కొత్త చీరలు రెండూ విప్పేయమని బతిమాలాను. నాకావాళ్ళు చానా దూరం నుంచే కనిపెడతారు, నీకు తెలవదు అంది.

సాగర్ వంతెన మీదికి వచ్చేసరికి ఆవిడ రెండు చేతులతో ముందుసీటు పట్టుకుంది. ఆవిడకి తెలిసింది పడవ. కిందికి చూస్తే బండరాళ్ళూ, వాటి మధ్య అక్కడక్కడా నీటి మడుగులూ. ఏరు ఏదిరా అని అడిగింది. పైన డ్యాము కట్టి ఆపేశారు నాయనమ్మా అన్నాను. "ఏటినే ఆపినోళ్ళు నన్ను ఆపరా?" అంది. ఆ మాటకి నవ్వాను గాని, ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని నా పై చొక్కా కాలరు రెండు చేతులా పట్టేసుకుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఇంత భయం పెట్టుకుని ఈ మనిషి ఎందుకు బయల్దేరిందో మొదటిసారి ఆలోచించాను.

వంతెన దాటి కొంతదూరం వెళ్ళామో లేదో, రోడ్డుకి అడ్డంగా వెదురుగడ, పక్కన రేకుల గది, గది ముందు ఖాకీ చొక్కా. బండి ఆగింది. నాయనమ్మ నా వైపు చూసిన చూపు ఇవాళ్టికీ మరిచిపోలేదు. అందులో భయం సగం, విజయం సగం. "చెప్పలా?" అంది మెల్లిగా. నిజానికి అది ధాన్యం రవాణా చూసే చెక్‌పోస్టు. ఆ సంగతి నాకు తెలుసు, మామకి తెలుసు, బోర్డుమీద కూడా రాసి ఉంది. కానీ రెండు చొక్కాలు తొడుక్కున్నవాడికి బోర్డులు కనపడవు. ఖాకీ మనిషి కిటికీలోకి తలపెట్టి, "బండిల ఏమున్నయి? వడ్లు గిట్ల ఉన్నయా?" అన్నాడు. భారత పౌరుడిగా హుందాగా జవాబు చెబుదామని నోరు తెరిచాను.

"మూడు చీరలండీ. రెండు చొక్కాలు. అన్నీ ఒంటిమీదే ఉన్నాయండీ," అన్నాను.

మామ నుదురు స్టీరింగుకి ఆనించాడు. హారను మోగింది. ఖాకీ మనిషి ఇన్నేళ్ళుగా అక్కడ ఏం చూశాడో గాని, ఇలాంటి నేరం ఒప్పుకోలు మాత్రం విని ఉండడు. అప్పుడు మా నాయనమ్మ నేను కలలో కూడా అనుకోని పని చేసింది. తలుపు తీసుకుని కిందికి దిగి, నడుం నిలబెట్టుకుని, సీమంతం దగ్గర్నుంచి కార్డుదాకా మొత్తం కథ చెప్పింది. ఈ రెండు చీరలు కొత్తవేననీ, దాచడం తన తప్పేననీ, అక్క కళ్ళు పోతున్నాయనీ, చీరలు కావాలంటే ఉంచేసుకోమనీ, తనని మాత్రం పోనివ్వమనీ అంది. ఆ మనిషి నవ్వలేదు. (ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.) స్టూలు తెచ్చి ఆవిడని నీడలో కూర్చోబెట్టి కుండలో నీళ్ళిచ్చాడు.

"నాకాలు ఎత్తేసి ఎన్నేండ్లాయె అవ్వా. నేను పుట్టకముందటి ముచ్చట. నీ చీరలు నువ్వు తీస్కపో."

నేను వందసార్లు చెప్పిన మాటే అది. నాయనమ్మ మాత్రం మొదటిసారి విన్నదానిలా ఆయన ముఖంలోకి చూసింది. డిగ్రీకి లేని విలువ ఖాకీకి ఉంటుందని ఆవేళ తెలిసింది. ఆవిడ అంతటితో వదల్లేదు, అదేదో కాగితం మీద రాసిమ్మంది. ఆయన ఒక క్షణం ఆలోచించి, చిత్తుకాగితం చింపి, "ఈ అవ్వ చీరలకు ఏ సుంకమూ లేదు" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. నాయనమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. మిగతా దారంతా ఆ చీటీ ఉందో లేదో తడిమి చూసుకుంటూనే ఉంది. కళ్ళు తుడుచుకుంటుంటే చెమటేమోనని నేనూ మామా కూడబలుక్కున్నట్టు ముందుకే చూస్తూ కూర్చున్నాం.

ఏటవతలి నాయనమ్మ మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆవిడకి మనుషులు నీడల్లా తప్ప తెలియడం లేదట. నాయనమ్మ మంచంపట్టె మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ చెయ్యి తడిమి, మణికట్టు తడిమి, లేచి కూర్చుని, "చెల్లే?" అంది. "నువ్వు ఏరు దాటినవా?" ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. తర్వాత ఆవిడ నాయనమ్మ నడుం తడిమి ఇంత లావయ్యావేమిటే అని అడిగింది. అప్పటిదాకా ఏడుస్తున్న బాబాయి ఫక్కున నవ్వాడు. నాయనమ్మ లోపలికి వెళ్ళి చీరలు విప్పి, మడిచి, పైన చీటీ పెట్టి తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది. ఆవిడ పై చీర అంచు వేళ్ళతో రాస్తూ రంగేమిటని అడిగింది.

"ఆనాడు నాకాలో పోయిందే, అదే రంగు. వెతికి వెతికి కొన్నా."

"అది ఏ రంగో నువ్వు ఎన్నడు చెప్పినవే? నలభై ఏండ్ల సంది అడుగుతున్న."

"చెప్పను. ఈ ఇంట్లో ఎవురూ చెప్పరు. కళ్ళు తెప్పించుకుని నువ్వే చూసుకో. ఒట్టు తీసి గట్టున పెట్టి వచ్చా నేను. నువ్వు ఆ నల్గొండ దాకా పోలేవా?"

ఏటవతలి నాయనమ్మ చీర నిమురుతూ, కత్తి పెడితే నొప్పి పుడుతుందా అని చిన్నపిల్లలా అడిగింది. నాయనమ్మకి మాత్రం ఏం తెలుసు, పుట్టదు అని ఖచ్చితంగా చెప్పేసింది. సరే రమ్మను వాణ్ణి, ఎప్పుడు పోవాలో అడుగు అంది ఆవిడ. బాబాయి బయటికి వెళ్ళి అరుగుమీద కూర్చుని తుండుగుడ్డలో ముఖం దాచుకున్నాడు. నేను వెళ్ళి ఓదారుస్తూ నా పై చొక్కా విప్పి ఇచ్చాను. చెమటతో పిండేలా ఉన్న కొత్త చొక్కాని ఆయన అలాగే తొడుక్కున్నాడు.

నెలన్నర తర్వాత కార్డు వచ్చింది. దస్తూరీ బాబాయిదే అయినా మాటలు ఆయనవి కావు. "చూసినా. చిలకపచ్చ. ముసల్దానికి చిలకపచ్చ ఏందే? నాకు నచ్చలే. వచ్చి మార్చుకపో." నేను చదువుతుంటే నాయనమ్మ చేతిలో చెంబు జారి వాకిట్లోకి దొర్లిపోయింది. కార్డు నా చేతిలోంచి లాక్కుని, చదవడం రాకపోయినా, రెండు పక్కలా తిప్పి తిప్పి చూసుకుంది. ఆ వారమే నన్ను బయల్దేరదీసింది. ఈసారి ఎర్ర బస్సులో, ఒక్క చీర కట్టుకుని, కొత్త చీర మూటలో పెట్టుకుని, ఆ మూట అందరికీ కనపడేలా ఒళ్ళో పెట్టుకుని. వెళ్ళేసరికి అక్కగారు వీధి గుమ్మంలో నల్లకళ్ళద్దాలతో నిలబడి ఉంది. నచ్చని చిలకపచ్చ చీర కట్టుకునే ఉంది.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. స్పానరు మామా లేడు. వంతెన ఉంది. దానికి అవతల ఇప్పుడు నిజంగానే వేరే రాష్ట్రం, బోర్డులు మారాయి, చెక్‌పోస్టులు వచ్చాయి. నాకా ఎక్కడికి పోద్దిరా అన్న మనిషి మాట నిజమైంది. బాబాయిని చూడ్డానికి అప్పుడప్పుడూ ఏరు దాటుతుంటాను. కారులో ఏసీ ఉంటుంది, కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి. అయినా ఖాకీ చొక్కా చెయ్యెత్తి ఆపగానే ఈ అరవై దాటిన డిగ్రీవాడు సమాధానం చెప్పేముందు, ఒంటిమీద ఎన్ని చొక్కాలున్నాయో ఒకసారి తడిమి చూసుకుంటాడు.