సంతవీధి డబ్బాలో పరీక్ష కార్డు

చెంగల్రాయుడు తాత అప్పటికింకా తాత కాలేదు. జుట్టుకు రంగేసుకుని, ఆ సంగతి ఎవరికీ తెలియదనుకునే నలభై ఎనిమిదేళ్ళ పోస్టల్ ఇన్‌స్పెక్టరు. మదనపల్లె నుంచి ఇటు పుంగనూరు, అటు పెద్దమండ్యం దాకా పోస్టాఫీసులన్నీ ఆయన తనిఖీ కింద ఉండేవి. ఆయన స్కూటర్ చప్పుడు వినబడితే పల్లెల్లో పోస్టుమాస్టర్లు చొక్కా గుండీలు పెట్టుకునేవాళ్ళు. ఇంట్లో విజయమ్మ అవ్వ మాత్రం స్టవ్ ఆర్పేసి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, రానీ అన్నట్టు నిలబడేది.

తాతకు ఒకటే ఆశ. అసిస్టెంట్ సూపరింటెండెంట్ అనిపించుకోవాలి. ఇన్‌స్పెక్టరు పరీక్ష పాసై పదహారేళ్ళయింది. ఆ పదహారేళ్ళలో స్కూటరుకు మూడుసార్లు ఇంజన్ మార్చాడు గానీ, ఆయన హోదా మాత్రం మారలేదు. 1994లో, రాబోయే ప్రమోషన్ల లిస్టులో తన పేరు ఉందని చిత్తూరు నుంచి కబురొచ్చింది. సర్వీసు రికార్డు మీద మచ్చ పడకుండా ఆరు నెలలు గడిస్తే చాలు. తాత ఆరు రోజులు కూడా ఆగలేదు. మదనపల్లెలో బోర్డులు రాసే పెయింటరు దగ్గరికి పోయి, మంచి టేకు పలక మీద తన పేరూ, దాని కింద ‘అసిస్టెంట్ సూపరింటెండెంట్’ అనీ రాయించుకొచ్చాడు. అవ్వ ఆ బోర్డును గోనెసంచిలో చుట్టి మంచం కింద తోసింది.

ఆ ఆశకు కారం పూసింది ఇద్దరు మనుషులు. ఒకడు అవ్వ చెల్లెలి మొగుడు మునిచంద్ర. ఆయనా ఇన్‌స్పెక్టరే, కానీ ఇన్‌కంటాక్సులో. ఆయన జీతం తాత జీతంకంటే ఒక మెట్టు పైన. నిమ్మనపల్లెలో అత్తగారింట్లో ఇద్దరల్లుళ్ళూ పక్కపక్కన భోజనానికి కూర్చుంటే, కోడి తొడ ఎవరి విస్తట్లో పడుతుందో తాత చూడకుండానే చెప్పగలడు.

రెండోవాడు నల్లప్ప. 1967లో ఇద్దరూ ఒకే రోజు గుమాస్తాలుగా చేరారు. ఒకే గదిలో ఉండి ఇన్‌స్పెక్టరు పరీక్షకు చదివారు. తాత పాసయ్యాడు. నల్లప్ప ఒకసారి ఫెయిలై పుస్తకాలు తూకానికి అమ్మేశాడు. ఆ తర్వాత కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు నిండిన గుమాస్తాలకు కూర్చున్నచోటే పెద్ద స్కేలు. పరీక్ష పాసై గుమాస్తాల వరసలోంచి బయటపడిన ఇన్‌స్పెక్టర్లకు అది వర్తించదు. అలా, అప్పటికే నాలుగైదేళ్ళుగా పుంగనూరు సంతవీధిలోని చిన్న పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా ఉన్న నల్లప్ప, తనను తనిఖీ చేయడానికి వచ్చే తాతకంటే ఎక్కువ జీతం తీసుకోసాగాడు.

ఇన్‌స్పెక్టరు వస్తే పోస్టుమాస్టరు లేచి తన కుర్చీ ఇచ్చి, తాను పక్కన స్టూలు మీద కూర్చోవడం వాడుక. ఆ ఏడాది తనిఖీకి తాత లోపలికి వచ్చేసరికి నల్లప్ప కుర్చీలోనే ఉన్నాడు.

“ఇన్‌స్పెక్టరు వస్తే లేసే పద్ధతి ఈ ఆఫీసులో ల్యాదా?” అన్నాడు తాత.

“లేస్తాండానప్పా. పెద్ద స్కేలు వచ్చినాక బరువెక్కినా. రవంత టైం పడతాది.”

పోస్టుమ్యాన్ తిమ్మప్ప ముఖం ఉత్తరాల సంచీలో దాచుకున్నాడు. నల్లప్ప తీరిగ్గా లేచాడు. తాత కూర్చున్నాడు గానీ కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది, అది కూడా ఆయనకు కోపం తెప్పించింది.

తాత ఊరికే రాలేదు. నాలుగు రోజుల ముందే పుంగనూరొచ్చి, ఎవరికీ చెప్పకుండా తన పేరుకే మూడు కార్డులు రాసుకుని మూడు పోస్టు డబ్బాల్లో వేసి పోయాడు. డబ్బాలు రోజూ తెరుస్తున్నారో లేదో తెలుసుకోవడానికి ఇన్‌స్పెక్టర్లు వేసే పరీక్ష కార్డులవి. రెండు మరుసటి రోజే మదనపల్లె చేరాయి. సంత గోడలో ఉన్న డబ్బాలో వేసింది రాలేదు. తాతకు పండగే. ‘సంత గోడ డబ్బాను పోస్టుమాస్టరు తెరిపించుట లేదు. ఇది క్షమించరాని నిర్లక్ష్యము’ అని రిపోర్టులో రాసి, కింద రెండు గీతలు గీసి, నల్లప్ప వైపు తిప్పాడు.

నల్లప్ప చదివాడు. బీరువా తెరిచి ఒక పాత ఫైలు తెచ్చి ముందర పెట్టాడు. అందులో 1990 నాటి తనిఖీ రిపోర్టు ఉంది. ‘సంత గోడ డబ్బాలో దినమునకు మూడు ఉత్తరములు కూడా పడుట లేదు. మూసివేయవలెను.’ కింద చెంగల్రాయుడి సంతకం.

“మూసెయ్యమన్నెది నువ్వే. తెరిసేది నిలిపేస్తిమి. గోడ పగలగొట్టి డబ్బా తియ్యడానికి బేల్దారు కూలి కావాలని మూడు లెటర్లు నీకే రాస్తిని. ఇంగో, కాపీలు. ఉత్తరాలేసే సందు మింద రేకు కొట్టింటిమి, యా నాకొడుకో పీక్కపోయినాడు. సంతకు వచ్చే జనానికి అది మూసిన డబ్బా అని ఎట్ల తెలుస్తాది? నీకే తెలీకపాయ!”

తాతకు ఆ మూడు లెటర్లూ గుర్తొచ్చాయి. మూడింటి మీదా ‘తగు సమయంలో చూడబడును’ అని రాసి ఫైలులో పెట్టింది ఆయనే.

ముగ్గురూ సంత గోడ దగ్గరికి పోయారు. తాళం తుప్పు పట్టి తాళంచెవికి లొంగలేదు. తిమ్మప్ప రాయితో కొట్టి తెరిచాడు. ఒక కందిరీగల గూడు, రెండు సినిమా కాగితాలు, తాత వేసిన కార్డు, దాని కింద జనం వేసిన పదకొండు ఉత్తరాలు. ఒకటి పెళ్ళి పత్రిక.

“ఈ పెండ్లికొడుక్కి ఇద్దురు పిల్లోళ్ళు సార్, పెద్దది బాలవాడికి పోతాంది” అన్నాడు తిమ్మప్ప.

నవ్వు రాబోయి ఆగింది. తాత చేతిలో ఇంకో కార్డు ఉంది. పెద్దమండ్యం చేరాల్సింది. రెండేళ్ళ కిందటి తేదీ. ‘అన్నా, అమ్మకు బాగలేదు. కార్డు చూసిన వెంటనే బయలుదేరి రా.’ తాత దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసుకు తిరిగొచ్చాక నల్లప్ప గొంతు తగ్గించాడు.

“సూడు చెంగల్రాయా. పైకి తెలిస్తే నీ ప్రమోషన్ పాయె. ఆ పేరా కొట్టెయ్. ఉత్తరాలు మెల్లింగా డెలివరీలో కలిపేస్తా. నేను సూల్లేదు, నువ్వు సూల్లేదు.” గడ్డంతో కుర్చీ వైపు చూపించాడు. “వచ్చే ఏడాది నుంచి మాత్రం నువ్వు స్టూలు మింద కూసో. నువ్వు ఆఫీసరైనా సరే.”

అది విన్నాక తాత చెవులు ఎర్రబడ్డాయి. కార్బన్ కాగితం తెమ్మన్నాడు.

“యాలప్పా?”

“మూడు కాపీలు కావాల.”

పాత పేరా కొట్టేసి కొత్తది రాశాడు. డబ్బా మూయించింది తానేనని, మూడు లెటర్లు పక్కన పెట్టింది తానేనని, పదకొండు ఉత్తరాలు దొరికాయని, పోస్టుమాస్టరు కూడా ఆ డబ్బాను అప్పుడప్పుడైనా తెరిచి చూడలేదని. చివరి మాట రాసేటప్పుడు పెన్ను గట్టిగా నొక్కాడు, మూడో కాపీలో కూడా స్పష్టంగా పడాలని.

“నీకేమన్నా పిచ్చా? నన్నెందుకు ఈడుస్తాండావు?” అని అరిచాడు నల్లప్ప.

“నీ దయతో ఆఫీసరు కావాల్నా నేను? థూ!”

పెద్దమండ్యం కార్డును తాత మరుసటి రోజు తానే తీసుకుపోయాడు. ఇంటాయన వాకిట్లో నిలబడే చదివాడు.

“రాసినా అని నా తమ్ముడు ఒట్టేసినాడు. అబద్ధమంటిని. అమ్మ పోయినప్పుట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు” అన్నాడు. తాత ఏదో చెప్పబోయాడు. ఆయన తలుపేసుకున్నాడు. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. ఎండలో స్కూటరు స్టార్టు కావడానికి పది తన్నులు పట్టింది.

నల్లప్పకు ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, స్కేలు ఎక్కడికీ పోలేదు. తాతకు ఏడాది ఇంక్రిమెంటు ఆపి, లిస్టులోంచి పేరు కొట్టేశారు. అవ్వ వారం రోజులు తాతతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మాట్లాడింది, అది ఇంకా ఘోరంగా ఉంది.

“నిజాయితీ అంట, నిజాయితీ! నల్లప్ప మింద కచ్చతో నీ కాలు నువ్వే నరుక్కుంటివి” అంది. అవ్వ బోర్డును మంచం కింద నుంచి లాగి, పెరట్లో నీళ్ళ తొట్టి మీద మూతగా వేసింది.

శిక్ష తీరేసరికి తర్వాతి లిస్టు మీద కోర్టు కేసు పడింది. కేసు తేలేసరికి ఖాళీలు లేవన్నారు. ఈలోగా ఇన్‌కంటాక్సు వాళ్ళ మెట్టు ఇంకో మెట్టు పైకి పోయింది. మాకూ సమానంగా ఇవ్వండని పోస్టల్ ఇన్‌స్పెక్టర్లు పంపిన ప్రతి అర్జీ మీదా మొదటి సంతకం తాతదే. జవాబు ఒక్కదానికీ రాలేదు. తాత కుప్పానికి బదిలీ అయ్యి, అటు తమిళం ఇటు కన్నడం వినపడే ఆ ఊళ్ళల్లో ఇంకో పదేళ్ళు డబ్బాలు తనిఖీ చేసి, ఎవరినీ వదలకుండా తిట్టి, 2006లో ఇన్‌స్పెక్టరుగానే రిటైరై మదనపల్లె ఇంటికొచ్చాడు.

ఆ ఏడాదే నల్లప్ప వచ్చాడు, కూతురు కుసుమ పెళ్ళి పత్రిక పట్టుకుని. తాత పెరట్లో మునగచెట్టుకు నీళ్ళు పోస్తున్నాడు. రమ్మనలేదు.

“పోస్టులో ఏస్తే యాడన్నా గోడలో ఉండిపోతాదని సేతికే తెచ్చినా” అన్నాడు నల్లప్ప.

తాత పత్రిక తీసుకున్నాడు. కుర్చీ మాత్రం తెమ్మనలేదు. నల్లప్ప రెండు నిమిషాలు నిలబడి, మోకాళ్ళ నొప్పితో అటూ ఇటూ చూసి, తొట్టి మీది పలక మీద చతికిలబడ్డాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్న అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

కూర్చున్నాక నల్లప్పకు కాళ్ళ మధ్య వెలిసిపోయిన అక్షరాలు కనిపించాయి. ఒంగి, వేలితో తడుముతూ, కూడబలుక్కుని చదివాడు. పేరు చదివాడు. కింద ఉన్నదీ చదివాడు.

“లేయ్” అన్నాడు తాత.

“లేస్తాండానప్పా” అన్నాడు నల్లప్ప. లేవలేదు. చేత్తో పలక మీది దుమ్ము తుడిచి, ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

అవ్వ రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. తాత తనది నిలబడే తాగాడు.