మోటారు లేని గాలి

ఏసీ గాలిని తోసే బ్లోయర్ మోటారు మెకానిక్ నర్సింలు చేతిలో ఉంది. బ్యాటరీ వైర్లు రెండూ ఊడదీసి ఉన్నాయి. తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. అయినా కారు లోపల, మా వదిన ముందున్న ఏసీ జాలీకి కట్టిన పసుపు దారం మెల్లగా లేచి, ఆమె వైపు తిన్నగా నిలబడింది.

ముగ్గురం చూశాం. పట్టపగలు, ఏప్రిల్ ఎండ, పన్నెండు దాటింది.

ముప్పై ఏళ్లు పత్రికల్లో పనిచేసినవాణ్ణి. ఫలానా మిల్లులో రాత్రిపూట మగ్గం దానంతటదే ఆడుతోందని, ఫలానా వంతెన మీద తెల్లచీర కనబడిందని వచ్చిన వార్తలను చింపి బుట్టలో వేసిన చెయ్యి నాది. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, చూసినవాడు ఏం తాగి ఉన్నాడు అని అడిగితే ఏ దయ్యమూ నిలబడదని కొత్త విలేకరులకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ ప్రశ్నలే నాకు నేను వేసుకుని ఇది రాస్తున్నాను. చూసింది ముగ్గురం. మూడడుగుల దూరం నుంచి. తాగింది చాయ్.

ఆ కారు మా అన్న లక్ష్మీరాజంది. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చి లింబాయత్‌లో మగ్గాల మీద నిలబడ్డాడు. తర్వాత నన్ను తెచ్చుకుని బడిలో వేశాడు. యాభై దాటాక కిరాయి షెడ్డులో సొంతంగా నాలుగు మగ్గాలు పెట్టుకుని, రింగ్ రోడ్ మార్కెట్‌కు సరుకు తీసుకుపోవడానికి ఈ తెల్ల కారు కొన్నాడు. అప్పటికే అది ఇద్దరి చేతులు మారింది.

నేతపని చేసినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. పోగు తెగితే ముడేసి మగ్గం నడిపిస్తారు. తెగిన ప్రతిదాన్నీ మార్చుకుంటూ కూర్చుంటే గుడ్డ దిగదు. మా అన్న కారును కూడా అలాగే నడిపాడు. వేడిగాలినీ చల్లగాలినీ విడదీసే రేకు ఒకటి డాష్‌బోర్డు లోపల ఉంటుంది. దాన్ని లాగే తీగ తెగిపోతే, మగ్గం మీద వాడే నైలాన్ తాడుతో ముడేశాడు. ముడి గట్టిదే. తాడు మాత్రం వేడికి సాగింది. రేకు సగంలో ఆగిపోయేది. దాంతో మే నెలలో పాదాలకు వేడి, జనవరిలో మొహానికి చల్లన.

"కారు గొన్నవా, ఇంకో మగ్గం గొన్నవా? ఏడ జూసినా ముడే" అని వదిన దెప్పేది.

"నిన్ను జేసుకున్నప్పుడు గూడ మూడు ముళ్లే ఏసిన. ఇన్నేండ్లల్ల ఒక్కటన్న ఊడిందా?" అనేవాడు.

ఒక జనవరిలో తెల్లవారకముందే సూరత్ దగ్గరి కిమ్‌లో పెండ్లికి బయల్దేరాం. ఆ రోజు ఎందుకో రేకు దారికొచ్చింది. వెచ్చటి గాలి పాదాల మీదికి వచ్చింది. వేడెక్కిన దుమ్ము వాసన, కారులో ఎప్పుడూ ఉండే నూలు వాసన కలిసి, మా షెడ్డే మాతో ప్రయాణం చేస్తున్నట్టు ఉంది. వెనక సీట్లో మా అమ్మ చెప్పులు విడిచి కాళ్లు ముందుకు చాపుకుంది. పిల్లలు ఆమె మీద ఒరిగి నిద్రపోయారు. అన్న మంచు పట్టిన అద్దాన్ని తువ్వాలతో తుడుస్తూ, "ఎట్లుందే అమ్మా నా హీటరు?" అని ప్రతి పది నిమిషాలకు అడిగాడు. అమ్మ ప్రతిసారీ "మంచిగుంది బిడ్డా" అంది. నాకు ఇప్పటికీ చలికాలం అంటే ఆ ప్రయాణమే.

పసుపు దారం సంగతి కూడా చెప్పాలి. మగ్గాల చప్పుడులో బతికినవాడికి చెవి మీద నమ్మకం ఉండదు, కంటి మీదే ఉంటుంది. గాలి వస్తోందో లేదో చూసుకోవడానికి అన్న జాలీకి జానెడు దారం కట్టాడు. అది ఊగితే గాలి ఉన్నట్టు. తన వైపు కట్టుకోలేదు. వదిన కూర్చునే ఎడమవైపు కట్టాడు.

బ్లోయర్ చెడిపోవడం ఒక్కరోజులో జరగలేదు. మొదట ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగడం మానేసి నాలుగులోనే హోరుమని తిరిగింది. వేగం తగ్గించే చిన్న ముక్క కాలిందని నర్సింలు చెప్పి మార్చాడు. కొన్నాళ్లకు మొత్తానికే ఆగింది. డాష్‌బోర్డు కింద పిడికిలితో గట్టిగా పొడిస్తే తిరిగేది. మోటారు లోపల కరెంటు అందించే బొగ్గు ముక్కలు అరిగిపోయాయట. మా ఇంట్లో పిల్లలు కారెక్కగానే కింద పొడవడం నేర్చుకున్నారు.

నర్సింలు కూడా మావాడే. ఒకప్పుడు మగ్గాలు బాగుచేసేవాడు, తర్వాత ఉధనా రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని కార్లు చూస్తున్నాడు. అన్నకు వేరే మెకానిక్ తెలియదు.

పోయిన ఏడాది మే నెలలో ఒక రోజు అన్న కారును నర్సింలుకు చూపిద్దామని బయల్దేరాడు. వదిన ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. పూర్తయిన చీరల కట్ట ఆరోజే ఊరి బయట పల్సానాలోని ఒక మిల్లులో ఇవ్వాలి. "ముందు గీ కట్ట ఇచ్చి రా, కారు రేపు సూపిద్దువు" అంది. అన్న కట్ట వేసుకుని పల్సానా పోయాడు. ఆ మిల్లు గేటు పక్కన ఆపిన కారులోనే కన్నుమూశాడు. సరుకు తీసుకునేవాళ్ల కోసం ఎదురుచూస్తూ అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాడట. నేను వెళ్లేసరికి ఆసుపత్రికి తెచ్చేశారు. గుండె ఆగిందని, నిమిషాల్లో అయిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు.

వదిన ఆ మాట నమ్మలేదు. ఎండలో, మూసిన కారులో, గాలి లేక పోయాడని ఆమె మనసులో పడింది. అన్న ఆమెకు ఎప్పుడూ "కొడితే తిరుగుతది" అనే చెప్పాడు. ఆరోజు కొట్టాడా, తిరిగిందా? ఇదొక్కటే ఆమె ప్రశ్న. ఆనాటి నుంచి ఆమె ఇంట్లో ఫ్యాను వేసుకోలేదు. సూరత్ ఉక్కలో, రేకుల కప్పు కింద, చెమటలు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ రాళ్లు అంటించింది. ఎవరైనా స్విచ్చి వేస్తే లేచి ఆర్పేసేది.

ఈ ఏప్రిల్‌లో నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "తమ్మీ, నువ్వు పేపరోనివి. ఊరందరి సంగతులు తెలుసుకొని రాస్తివి. మీ అన్నకు ఆ రోజు గాలి ఉండెనా లేకుండెనా, సంవత్సరీకం లోపట నాకు జెప్పు."

పదకొండు నెలలుగా కవరు కప్పి ఉన్న కారును వేరే బ్యాటరీ పెట్టి నర్సింలు షెడ్డుకు తీసుకుపోయాం. వదిన ఆటోలో వెనక వచ్చింది. కారెక్కనంది.

నర్సింలు ఆరోజు ఎప్పటిలా మాట్లాడలేదు. బ్యాటరీ ఊడదీశాడు. ఫ్యూజు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు, బాగానే ఉంది. వేగం ముక్క చూశాడు, అదీ బాగానే ఉంది. ఎడమ సీటు ముందున్న అర తీసి లోపల చెయ్యి పెట్టాడు. మోటారుకు కరెంటు తెచ్చే ప్లగ్గు ఊడి వేలాడుతోంది. దాని మూతికి నల్లటి టేపు నాలుగైదు చుట్లు చుట్టి ఉంది.

"గీ టేపు ఎవలు సుట్టిండ్రు?" అని వదిన అడిగింది.

నర్సింలు ప్లగ్గును చేతిలోకి తీసుకున్నాడు. "నేనే అక్కా. సలికాలంలనే మోటరు కాలిపోయింది, వాసన గొట్టింది. వైరు అంటుకుంటదని నేనే పీకి టేపు సుట్టిన. కొత్తది ఏస్త రాజమన్నా అంటే, ఎండలు రానియ్యిరా అన్నడు. నీకు జెప్పద్దన్నడు, తిడతదని."

పదకొండు నెలలు అతను మా ఇంటి వైపు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

టేపు పాతది. అంచుల్లో జిగురు కారి దుమ్ము పట్టి ఉంది. ఎవరూ విప్పి మళ్లీ చుట్టింది కాదు. నేను దగ్గరగా చూశాను. అంటే ఆ మే నెలలో అన్న ఎంత కొట్టినా ఆ బ్లోయర్ తిరిగే మాటే లేదు.

వదిన ఏడవలేదు. "అంటే గాలి లేకుండె" అని మాత్రం అంది. నర్సింలు మూడు మరలు విప్పి మోటారును బయటికి తీసి, ఏం చెయ్యాలో తెలియనట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వదిన అతన్ని దాటుకుని వెళ్లి తన సీట్లో కూర్చుంది. అన్న పోయాక ఆమె ఆ కారెక్కడం అదే మొదలు.

అప్పుడు దారం లేచింది.

మోటారు తీసిన చోట గిన్నె పట్టేంత రంధ్రం ఉంది. గాలి ఎటు నుంచి జొరబడినా ముందు ఆ రంధ్రంలో నుంచి కిందికి, ఆమె పాదాల మీదికి పోవాలి. పైన జాలీకి చేరకూడదు. బయట ఆకు కదలడం లేదు. షెడ్డులో కరెంటు పోయి గంటైంది, ఉన్న ఒక్క ఫ్యాను ఆగి ఉంది. నేను వంగి జాలీ ముందు అరచెయ్యి పెట్టాను. గాలి వస్తోంది. చల్లగా వస్తోంది.

నాకు తెలియకుండానే అంకెలు లెక్కపెడుతున్నాను.

"సల్లగస్తున్నది" అంది వదిన. మా వైపు చూడలేదు. ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు తిరిగి, ఇన్నేళ్లూ అన్నప్పటి విసుగుతోనే, "నాకెందుకు, నీ దిక్కు వెట్టుకో" అంది. జాలీ రెక్కను వేలితో అటు తిప్పింది.

నేను నలభై మూడు దగ్గర ఉన్నాను. దారం వాలిపోయింది.

నర్సింలు మోటారును నేల మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు. నేను మాత్రం నా అలవాటు మానలేదు. కరెంటు వచ్చాక పెద్ద ఫ్యాను తెప్పించి, గాలి లోపలికి పోయే దారి మీద, బానెట్ చివర, ముందు అద్దం కింద పెట్టి తిప్పించాను. దారం వణికింది, అంతే. లేచి నిలబడలేదు. తలుపులు కొట్టి చూశాం, కారును ఊపి చూశాం. దారం అటూ ఇటూ ఊగింది, తిన్నగా నిలవలేదు.

తర్వాత నేను చాలా ముందే చేయాల్సిన పని చేశాను. అన్న పోయిన రోజు మిల్లు గేటు దగ్గర కారు తలుపు తీసిన వాచ్‌మన్‌ను వెతికాను. అన్న పోయిన కొన్నాళ్లకే అతను ఆ మిల్లు మానేశాడని తెలుసు. నిజం చెప్పాలంటే నేను గట్టిగా వెతకలేదు. అతను చెప్పే జవాబు వదినకు మోసుకురావాల్సింది నేనే కదా అని భయం. ఇప్పుడు వెతికితే రెండు రోజుల్లో దొరికాడు, పల్సానాలోనే ఇంకో మిల్లు గేటు దగ్గర. నర్సింలు షెడ్డులో జరిగింది అతనికి చెప్పలేదు. ఆ రోజు ఏం చూశావో చెప్పమని మాత్రం అడిగాను.

ఇంజన్ నడుస్తూనే ఉందట. పెద్దమనిషి నిద్రపోతున్నాడనుకుని చాలాసేపు లేపలేదట. తర్వాత తలుపు తీశాడు. "అందర్ ఏక్‌దమ్ ఠండా థా, సాబ్" అన్నాడు. లోపల అంతా చల్లగా ఉందని. బయట ఎండలో నిలబడిన తనకు ఆ చల్లదనం మొహానికి కొట్టిందని. ఇంజన్ తనే ఆపానని. ఇంకో మాట కూడా నేను అడగకుండానే చెప్పాడు: మనిషిని దించేటప్పుడు చొక్కా ఎక్కడా తడిసి లేదు. మే నెల మధ్యాహ్నం అది చూసి తనకే వింతగా అనిపించిందట.

ఇదంతా వదినకు, విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె లేచి ఫ్యాను వేసి, నన్ను అన్నం తిని పొమ్మంది.

వాచ్‌మన్‌కు అబద్ధం చెప్పే అవసరం లేదు. నర్సింలు చెప్పింది తన మీదికే వచ్చే మాట. టేపు నేను స్వయంగా చూసింది. మూడూ ఒకేసారి నిజమయ్యే దారి నాకు దొరకలేదు.

ఆ కాలిపోయిన మోటారును నర్సింలు నా ముందే బ్యాటరీకి తగిలించి చూశాడు. సుత్తితో తట్టి మళ్లీ చూశాడు. మూడుసార్లు. తిరగలేదు.