అబీదా రక్తం అమ్ముకోలేదు

తెనాలిలో మా పక్కింటి అబీదా రక్తం అమ్ముకుంటోందన్నది పచ్చి అబద్ధం. ఆసుపత్రికి తోడు వెళ్ళింది నేనే. లావుగా ఉన్నవాళ్ళలో ఇన్సులిన్ ఉండీ ఎందుకు పనిచేయదో, తెల్ల రక్తకణాల్లో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో పరిశోధన చేసి చూస్తామని డాక్టర్లు అబీదా నెత్తురు అడిగారు. పైసా ఇవ్వరు.

పరగడుపున రమ్మంటే, రంజాను ఉపవాసం, రోజాలోనే ఉన్నానంటూ వెళ్ళింది.

"తెల్లవారుజామున ఏమైనా తిన్నావా అమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"సహరీకి మూడు పరోటాలేనండీ!"

వెనక్కి పంపేశారు. మర్నాడు సహరీ మానేసి, ఉత్త మంచినీళ్ళతో రోజా పట్టి మళ్ళీ బయల్దేరింది. దారిలో ఉండబట్టలేక అడిగేశాను.

"ఇంత అవస్థ నీకెందుకే?"

"మా అమ్మాయి షబ్నం కూడా నాలాగే లావవుతోంది పిన్నీ. నన్నంతా తిండిపోతనే అన్నారు. దాన్నీ అనకముందే అసలు కారణం ఏంటో తెలియాలి కదా!"