మొదటి నీళ్లు

ప్రతి సోమవారం పొద్దున కతోలికుల గుడి నుంచి ఒక తెల్లమూట ఆమె ఇంటికి వచ్చేది. పెద్దదేం కాదు, ఒళ్లో పట్టేంత. పూజలో గురువు పాత్ర తుడిచే సన్నగుడ్డలు, పీఠం మీద పరిచే చదరపు నారబట్టలు, చేతులు తుడుచుకునే తువాళ్లు. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, శనివారానికల్లా తిరిగి అప్పజెప్పడం ఆమె పని. ఆమెకు ముందు ఆమె తల్లి పని. విచారణలో, అంటే ఆ గుడి కిందికొచ్చే ఇళ్లన్నిట్లో, చిన్నా పెద్దా అందరికీ ఆమె గుడ్డలక్కే. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, వెనకాల ఇంకెవరున్నారా అని తిరిగి చూసేది.

ఆ ఉతుకు మామూలు ఉతుకు కాదు. ముందు గుడ్డల్ని తెల్ల పింగాణీ బేసిన్‌లో, సబ్బు లేకుండా, ఉత్త నీళ్లలో నానేయాలి. మడతల్లో, పూజలో ప్రభువు శరీరమయ్యే సత్ప్రసాదపు అప్పం నలుసులుంటాయి, ద్రాక్షారసం తడి ఉంటుంది. నలుసైనా ప్రభువే అని తల్లి చెప్పేది. అందుకని ఆ మొదటి నీళ్లు తూములో పోయకూడదు. ఎవరూ కాలు పెట్టని చోట మట్టిలో పోయాలి. పెరటి మూలలో చుట్టూ ఇటుకలు పేర్చిన జానెడు జాగా అందుకోసమే ఉంది. రెండో నీళ్ల నుంచే సబ్బు, ఎండ, ఇస్త్రీ. పాత్ర తుడిచే గుడ్డకి గంజి పెడితే తడి పీల్చదు. పీఠం మీది బట్టకి గంజి పెట్టాలి, తొమ్మిది గళ్లు పడేట్టు లోపలికి మడవాలి.

పండుగలు ఆమెకు గుడ్డల్లోనే తెలిసేవి. నుదుట బూడిద పెట్టే విబూది బుధవారం అయ్యాక తువాళ్లు పొయ్యి తుడిచినట్టు వచ్చేవి. పునీతుల పండుగలకి పూజకొచ్చేది పదిమందే కాబట్టి, గుడ్డలు పెట్టెలోంచి తీసినవి తీసినట్టే ఉండేవి. ఒక్క జోజప్పగారి పండుగ గుడ్డల్ని మాత్రం ఆమె ఆఖర్న, తీరిగ్గా ఉతికేది. మంచి మరణం ఇచ్చే పునీతుడాయన. ఆ ఏడు ఆయనతో ఆమెకు పనిపడింది.

పని తమ్ముడి గురించి. తమ్ముడు తాపీమేస్త్రి. మనిషి పొట్టి, నాలుక పొడుగు. గొంతులో పుండు లేచి, డాక్టర్లు చేతులెత్తేశాక, వెనక గదిలోకి తెచ్చి పెట్టుకుంది. ఆమెకు భర్త పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. అతనికి భార్య పోయి ఆరేళ్లు. ఇద్దరికీ మిగిలింది ఒకరికొకరే. ఆ మిగిలింది కూడా ప్రభువు తిరిగి లేచిన పాస్కా పండుగ దాకా ఉంటే గొప్పేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

ముప్పై ఎనిమిదేళ్లుగా తమ్ముడు గుడి గడప తొక్కలేదు. ఊళ్లో సగం గోడలు అతని చేతిమీద లేచినవే. గుడి సమాధుల దొడ్డి గోడ పడిపోయినప్పుడు కబురు పెడితే, ఆ గోడ తప్ప ఏదైనా కడతానన్నాడు. ఎందుకో తెలిసినవాళ్లు మళ్లీ అడగలేదు. తెలియనివాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

జరిగింది ఇది. తమ్ముడి భార్యకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చి, ఇంట్లోనే కాన్పు అయిపోయింది. మగపిల్లాడు. నీలంగా, గుప్పెడంత. తమ్ముడు పని మీద ఎక్కడో ఉన్నాడు, దగ్గర ఉన్నది ఆమె ఒక్కతే. బిడ్డ నిలవడని చూడగానే తెలిసింది. అలాంటప్పుడు ఎవరైనా సరే బిడ్డ నెత్తిన మూడుసార్లు నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వొచ్చని ఆమెకు తెలుసు, చిన్నప్పుడు కంఠతా పట్టిన పాఠమే. కానీ గుడిగుడ్డ ముట్టుకోవడానికి ముందు మూడుసార్లు చేతులు కడుక్కునే మనిషి ఆమె. ఇది ఆ నీళ్లు పోసే చెయ్యేనా అనుకుంది. గురువు కోసం పరుగెత్తింది. ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి బిడ్డ పోయాడు. జ్ఞానస్నానం లేని బిడ్డకు దొడ్డిలో చోటు లేదని ఆ పాతకాలపు గురువు తేల్చేశాడు. తమ్ముడే చెక్కపెట్టె మోసుకెళ్లి, గోడ అవతల గొయ్యి తీసి, గుర్తుకి మూడు ఇటుకలు పాతి వచ్చాడు.

ఆ గురువు మీద తమ్ముడు పళ్లు నూరాడు. గుడి మీద నూరాడు. అక్కను మాత్రం ఒక్కమాట అడగలేదు. అడిగితే ఆమె తన తప్పు ఏడ్చి కడుక్కునేది. అడగనందుకు అది ముప్పై ఎనిమిదేళ్లు లోపలే నానింది.

ఇప్పుడైనా తమ్ముణ్ణి గోడ ఇవతలికి తేవాలని ఆమె పట్టు. గురువు దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం చేసి, ఒక్కసారి సత్ప్రసాదం తీసుకుంటే చాలు. పాస్కాకి ముందు నలభై రోజుల తపస్సు కాలమంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. విచారణ గురువు, కుర్రాడు, మర్యాదస్తుడు, రెండుసార్లు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. తమ్ముడు ఆయనతో ఇటుకల గురించి, సిమెంటులో ఇసక ఎక్కువ కలిపే దొంగల గురించి మాట్లాడాడు, దేవుడి మాట ఎత్తగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన వెళ్లాక, పాపం మంచి కుర్రాడే అక్కా, ఏదైనా పనిలో పెట్టించలేకపోయావా అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక, నవ్వినందుకు లెంపలేసుకుంది.

జోజప్పగారి పండుగ వెళ్లిపోయింది. పాస్కాకి వారం ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాటికి అన్నం పోయింది, జావ పోయింది. నీళ్లు కూడా చెంచాతో, బొట్టు బొట్టుగా. ఇక వాడు నోరు తెరిచి ఒప్పుకున్నా సత్ప్రసాదం మింగలేడు.

పవిత్ర గురువారం పూజ అయ్యాక బట్టలన్నీ తీసేసి పీఠాన్ని బోసి చేస్తారు. శుక్రవారం గుళ్లో నూలుపోగు ఉండదు, అదంతా ఆమె ఇంట్లో ఉంటుంది. ఆ శుక్రవారం పొద్దున బేసిన్‌లో గుడ్డలు నానేసి, తీసి పిండి, నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. లేతగులాబీ రంగులో, అడుగున కరిగిపోతున్న రెండు తెల్లనలుసులతో, ఆ నీళ్లు కదలకుండా ఉన్నాయి. వెనక గదిలో తమ్ముడు దాహంతో మంచంపట్టె మీద వేళ్లతో కొట్టాడు.

ఆమె ఒక గిన్నెలో రెండు గరిటెల మొదటి నీళ్లు ముంచింది. చేతులు కడుక్కోలేదు. తర్వాత తలచుకుంటే, కడుక్కోవడం లేదని ఆ క్షణంలోనే తనకు తెలుసని కూడా గుర్తొచ్చింది.

మొదటి చెంచా మింగాడు. రెండోది నోట్లోనే ఉంచుకుని అక్క మొహంలోకి చూశాడు. కష్టపడి అదీ మింగి, గొంతులో రంపం లాగుతున్నట్టు మాట్లాడాడు.

"ఇవి కుండలో నీళ్లు కావే."

"ఏ నీళ్లయితే ఏంట్రా. తాగు."

"చిన్నప్పుడు అమ్మ చూడకుండా ఓసారి తాగా. వీపు చిట్లగొట్టింది. ఈ నారబట్ట వాసన మర్చిపోతానా?"

చాలాసేపు ఊపిరి పోగేసుకుని అతను మళ్లీ అన్నాడు.

"పిల్లాడు పోయిన రోజు బిందె నిండా నీళ్లున్నాయక్కా."

అరవలేదు. తిట్టలేదు. ఆ మాటను ఇటుకమీద ఇటుక పెట్టినట్టు పెట్టాడు. తర్వాత నోరు మూసుకున్నాడు. ఆమె కుండలోంచి వేరే నీళ్లు, అతను చూస్తుండగానే ముంచి తెచ్చినా పెదవులు తెరవలేదు. సాయంత్రానికి నాలుక పిడచకట్టుకుపోతుంటే పక్కింట్లో కుట్టుపని చేసుకునే ఆవిణ్ణి పిలిచింది. ఆవిడ చెంచా పట్టుకుంటే తాగాడు. అప్పట్నుంచి పూటపూటకీ ఆవిడే వచ్చేది. ఏమైందని ఆవిడ అడగలేదు, వదినా మీరు కాసేపు నడుం వాల్చండి అనేది. గుడ్డలక్క నడుం వాల్చకుండా గుమ్మం దగ్గర నిలబడి, పరాయి చేతిలోంచి తమ్ముడు నీళ్లు తాగడం చూసేది.

శనివారం పొద్దున పాపసంకీర్తనానికి వెళ్లింది. చేసింది చేసినట్టు చెప్పింది. ప్రభువు కలిసిన నీళ్లను దొంగతనంగా, ఒద్దన్నవాడి నోట్లో పోశానని, ఏ శిక్షయినా వెయ్యమని అడిగింది. గురువు జాలిపడ్డాడు. ఆ జాలిలోనే దెబ్బ ఉంది.

"అది అంత పాపం కాదమ్మా. అప్పం రూపు కరిగిపోయాక, రసం నీళ్లలో కలిసిపోయాక ప్రభువు అందులో ఉండరు. అవి వట్టి నీళ్లే. మట్టిలో పోయడం మన గౌరవం కొద్దీ. తమ్ముణ్ణి మోసం చేశానని బాధపడుతున్నారు కాబట్టి, మూడు మంగళవార్త జపాలు చెప్పుకోండి."

ఆమె మూడూ చెప్పుకుంది. పాపం అంటే బాగుండేది. పాపమైతే తమ్ముడి గొంతు దాటి ప్రభువు లోపలికి వెళ్లాడన్నమాట, ఆ బరువు ఎంతైనా మోసేది. వట్టి నీళ్లయితే, వట్టి నీళ్ల కోసం తమ్ముడి నోరు మూయించుకుంది. అసలు నీళ్లు కావలసినరోజు పోయలేదు, పోసిన రోజు వాటిలో ఏమీ లేదు. గుడిమెట్లు దిగుతూ, ఇన్నేళ్లు తను కాపలా కాసిన మూల ఏమిటని తనను తాను అడిగింది.

పాస్కా పండుగనాడు గుడిగంటలు వీధంతా మోగాయి. కొత్త పాస్కా కొవ్వొత్తి వెలిగించారు, నలభై రోజులు పాడకుండా దాచుకున్న అల్లెలూయ ఒక్కసారిగా పాడారు. ఆమె వెనక వరుసలో నిలబడి పెదవులు మాత్రం కదిపింది.

మంగళవారం మధ్యాహ్నం, కుట్టుపని ఆవిడ ఇంకా రాకముందు, తమ్ముడు పట్టె మీద వేళ్లతో కొట్టాడు. ఆమె గుమ్మంలోనే ఆగింది, లోపలికి రానిస్తాడో లేదోనని. వేలితో దగ్గరికి పిలిచాడు. నీళ్లా అని అడిగితే కాదన్నాడు.

"మూలలో గడ్డి ఎట్లా ఉందే?"

చిన్నప్పటి వేళాకోళం అది. మొదటి నీళ్లన్నీ తాగేది గడ్డే కాబట్టి, ఈ ఇంట్లో అందరికన్నా ముందు మోక్షానికి పోయేది గడ్డేనని అనేవాడు, తల్లి కర్ర తీసేదాకా. ఆమె పెరట్లోకి వెళ్లి నిజంగానే చూసి వచ్చింది.

"పచ్చగానే ఉందిరా."

"పోనీలే. దానికన్నా మోక్షం వస్తుంది."

అదొక్కటే. క్షమించానని కాదు, క్షమించలేదని కాదు. ఆమె అక్కడే నేలమీద కూర్చుని ఇంకేమైనా అంటాడేమోనని చీకటి పడేదాకా ఎదురుచూసింది. బుధవారం పొద్దున కుట్టుపని ఆవిడ పోసిన నీళ్లు చెంపమీదుగా దిండులోకి కారిపోయాయి.

తమ్ముడి భార్య సమాధి గోడ లోపల ఉంది. ఆ పక్కన చోటుంది, ఇప్పుడు నియమాలు అంత కఠినంగా లేవు, లోపలే పెడదామని గురువు తనంతట తనే అన్నాడు. కానీ తమ్ముడు జేబుపుస్తకంలో కాయితం రాసిపెట్టాడు: గోడ అవతల, మూడు ఇటుకల పక్కన. పూజ వద్దు. ఆమె ఆ కాయితాన్ని రెండుసార్లు మడిచి, విప్పి, గురువు చేతిలో పెట్టింది. దాచేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి దొంగతనం చేసింది, చాలు.

మట్టి పోసేటప్పుడు గురువు పూజాబట్టలు లేకుండా అందరి వెనకాల నిలబడ్డాడు. ఆమె పక్కన నిలబడటానికి బంధువంటూ ఎవరూ లేకపోతే, పక్కింటావిడ చెయ్యి పట్టుకుంది.

ఆ ఆదివారం గుళ్లో తోమాసుగారి కథ చదివారు. తిరిగి లేచిన ప్రభువు గాయంలో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడి కథ. ముట్టుకోమని ప్రభువే చెయ్యి చాచాడు. చూడకుండా నమ్మేవాళ్లు ధన్యులని గురువు ప్రసంగంలో అన్నాడు. ఆమె చూడకుండానే నమ్మింది, డెబ్భై ఏళ్లు. ధన్యురాలిలా అనిపించలేదు.

సోమవారం మూట వచ్చింది. పాస్కా వారం కదా, మామూలుకన్నా రెండింతలుంది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. నానేసింది, పిండింది. బేసిన్ ఎత్తుకుని పెరట్లోకి వచ్చి మధ్యలో ఆగింది. వట్టి నీళ్లే అన్నారు కదా, సమాధుల దొడ్డిదాకా మోసుకెళ్లి గోడ అవతల, ఆ ఇద్దరి మీద పోస్తే అడిగేదెవరు? గేటుదాకా నడిచింది కూడా. గడియ మీద చెయ్యి వేశాక, నీళ్లు నోట్లోనే ఉంచుకుని తమ్ముడు తనవైపు చూసిన చూపు గుర్తొచ్చింది. వాడు వద్దన్నాడు.

వెనక్కి తిరిగింది. బేసిన్ వంచేముందు లోపలికి చూసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఎప్పట్లాగే మూలలో, నెమ్మదిగా, చిందకుండా పోసింది. మట్టి పీల్చేదాకా నిలబడి, రెండో నీళ్ల కోసం లోపలికి వెళ్లింది.