వఫ్రా గడ్డిలో మంచు పాఠం

మా చిన్న బాబాకు మంచుకొండల పిచ్చి పట్టింది. ఈ అరబ్బు దేశంలో, జాబ్రియాలో నేను వంట చేసే ఇంటి యజమానురాలిని పనివాళ్లం మామా అని పిలుస్తాం. ఆమె కొడుకునే నేను చిన్న బాబా అంటాను. పాలపళ్లు ఊడకముందు నుంచీ నా చేతి తిండి తిన్నవాడు, ఇప్పుడు పెళ్లీడుకొచ్చాడు. ఇక్కడివాళ్లు చలికాలంలో ఎడారిలో గుడారం వేసుకున్నా వంటవాణ్ణి వెంట తీసుకెళ్తారు. అందుకని కొండమీదికీ నేను కావాలట. రాయచోటి గుట్టలెక్కిన కాళ్లే గానీ, మంచంటే నాకు ఫ్రీజర్ గోడకు పేరుకున్నదే తెలుసు.

చిన్న బాబా వంటింట్లోనే నాకు పాఠాలు మొదలుపెట్టాడు. మంచు బాగా కురిసిన మరునాడు ఏటవాలు జోలికి పోకూడదు. కాలికింద ధబ్బుమని కుంగిన చప్పుడొస్తే వెనక్కి తిరగాలి. ప్రమాదమున్న చోట ఒకరు దాటాకే ఇంకొకరు కదలాలి. మంచుచరియ విరిగి మీద పడితే లోపలివాడి అరుపు బయటికి వినిపించదు. అందుకే ప్రతి ఒక్కరూ ఒంటికి బీకన్ అనే యంత్రం కట్టుకోవాలి. అది సంకేతం పంపుతుంటే, పైనున్నవాళ్లు తమ యంత్రంలో దూరం చూసుకుంటూ వచ్చి, కడ్డీతో గుచ్చి చూసి, పారతో తవ్వుతారు. పావుగంట దాటితే ఆశ తక్కువ. నేను వెల్లుల్లి ఒలుస్తూ అన్నిటికీ తలూపాను.

ఆ ఇంట్లోనే పనిచేసే కడప చెల్లెలు ఈ పాఠమంతా గుమ్మం దగ్గర నిలబడి విన్నది.

"అన్నా, ఆ పిల్లోనికి ఆ బీకన్ తాయెత్తు ఒగటే ఉంటే సాలునా? వానికేమన్నా అయితే మామా మనల్ని బతకనిస్తాదా? నీది గూడా వానికే పెట్టు."

"మరి నాకు?"

"నిన్నెవురు తవ్వుతారన్నా, పారలు పట్టుకోని?"

మాట న్యాయంగానే తోచింది. శుక్రవారం పొద్దున వఫ్రా ఎడారిలోని వాళ్ల తోటకు అభ్యాసానికి బయల్దేరేముందు, నా యంత్రం ఆన్ చేసి చిన్న బాబా సంచి అడుగున దోపాను. "ఆన్ చేశావా?" అని అడిగాడు. "చేశాను బాబా" అన్నాను. అబద్ధమేం కాదు కదా!

"పోయి దాక్కో. మంచు కింద ఉన్నట్టే అనుకో. ఎంత పిలిచినా పలకొద్దు" అన్నాడు తోటలో దిగాక.

గొర్రెల దొడ్డి పక్కన గడ్డిమోపుల మధ్య దూరి పడుకున్నాను. పట్టపగలు జీతమిచ్చి మరీ పడుకోమన్నవాడు ఈ దేశంలో నాకింకొకడు తగల్లేదు. సందులోంచి చూస్తున్నాను. చిన్న బాబా తన యంత్రం చూసి, "పక్కనే ఉన్నాడు!" అని మురిసిపోయాడు. ఇసుకదిబ్బ వైపు వెళ్లాడు, అక్కడా పక్కనే. నీళ్లతొట్టి దగ్గరికి వెళ్లాడు, అక్కడా పక్కనే. పాపం, నన్ను వీపున మోస్తూ నాకోసమే తిరుగుతున్నాడు. ఇంతలో ఒక గొర్రె వచ్చి నా కాలరు నమలడం మొదలుపెట్టింది. చచ్చినవాణ్ణి కాబట్టి ఊరుకున్నాను.

"ఖలాస్! ఆట అయిపోయింది, బయటికి రా!" అని అరిచాడు. ఇది కూడా పరీక్షేమో అని నేను కిమ్మనలేదు. రెండోసారి పిలుస్తూ ఇసుకదిబ్బ వైపు పరుగెత్తాడు. నేను దిబ్బలో గొయ్యి తవ్వుకుని దూరానని, ఇసుక కూలి మీద పడిందని అనుకున్నాడు. పార తీసుకుని పిచ్చివాడిలా తవ్వసాగాడు, ఏడుస్తూ తవ్వాడు.

ఇక ఆగలేక, ఒంటినిండా గడ్డితో బయటికొచ్చాను. నన్ను చూసి పార విసిరేశాడు, వీపు మీది సంచి లాగి నేలకు కొట్టాడు. అందులోంచి నా యంత్రం దొర్లి ఇసుకలో పడింది.

"ఇది ఇక్కడెందుకుంది?" అన్నాడు తన వచ్చీరాని హిందీలో.

"మీకు రెండుంటే మంచిదని..."

"నువ్వు మంచు కింద పడితే?"

"మీరు దిగి వెళ్లిపోండి బాబా."

అంత కోపం వాడిలో నేనెప్పుడూ చూడలేదు. "మీ ఇంటికి ఫోన్ చేయాల్సింది ఎవరు? నేనే కదా! నీ భార్యకు ఏమని చెప్పాలి? యంత్రం నాకిచ్చేశాడు, అందుకే వదిలేసి వచ్చానని చెప్పమంటావా?"

నాకు సిగ్గేసింది. చెప్పొద్దూ, సంతోషంగానూ ఉంది.

యంత్రాన్ని తన చేత్తోనే నా ఛాతీకి బిగించాడు. "మళ్లీ దాక్కో. పావుగంటలోపు నిన్ను పట్టుకోగలిగితేనే కొండకు పోదాం. లేదంటే ప్రయాణం లేదు" అన్నాడు.

మళ్లీ గడ్డిలో దూరాను. ఈసారి పడుకున్నా ప్రాణం కుదుటపడలేదు. గొర్రె దగ్గరికొస్తే అదిలించాను. దూరంగా ఇసుకలో అడుగుల చప్పుడు వినబడుతూ, అంతలోనే పక్కకు మళ్లిపోతోంది.

అటు కాదు, ఇటు రా నాయనా, త్వరగా రా అనుకున్నాను.