తాళం వేయని వైఫై

2009లో ఒక శనివారం ములకలపల్లి ఠాణాలో ఎస్సై ఒక కాగితం బల్లమీద పెట్టి, "ఈ కనెక్షన్ మీదేనామ్మా?" అని అడిగాడు. చదువుతుంటే ఉషారాణికి ఒళ్లు మండిపోయింది. తన బడిలోనే పనిచేసే నాగలక్ష్మి టీచరుకు మూడు నెలలుగా ఎవరో బూతు మెయిళ్లు పంపుతున్నారు. అన్నీ ఉషారాణి ఇంటి నెట్ నుంచే వెళ్లాయట.

"నేను రాస్తనా సార్ గిసొంటి మాటలు? రోజూ ఒక్క బెంచీ మీద కూసొని తింటం ఇద్దరం."

"మరి మీ ఆయన రాసిండా?" ఎస్సై నవ్వాడు.

భర్త పూల్‌సింగ్ మణుగూరులో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఇంటికొచ్చే మనిషి. ఆ నవ్వు చూసి ఉషారాణి పిడికిలి బిగించింది. తమ తండాలో టీచరైన మొదటి ఆడది తను. ఇంతవరకు ఠాణా గడప తొక్కలేదు.

బయటికి రాగానే టెలిఫోన్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"మీ వైఫైకి పాస్‌వర్డ్ ఉందా మేడం? లేకపోతే పక్కింటోళ్లు గూడ వాడుకోవచ్చు" అన్నాడు అక్కడి ఉద్యోగి.

పాస్‌వర్డ్ లేదు. ఆ వైఫై డబ్బా బిగించింది మేడమీద కిరాయికుండే రవీందర్. ఊళ్లో కంప్యూటర్ సెంటర్ అతనిదే. "పాస్‌వర్డ్ పెడితే స్లో అయితది అక్కా" అంటే ఆమె నమ్మింది.

మర్నాడు పొద్దున్నే డబ్బాతో వచ్చిన పుస్తకం ముందేసుకుని, అందులో ఉన్నట్టే సెట్టింగుల పేజీ తెరిచింది. ఆ పేజీ తెరవడానికి కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉంది. నెట్ వాడుతున్న కంప్యూటర్ల జాబితాలో రెండు పేర్లున్నాయి. ఒకటి తనది. రెండోది 'రవి సెంటర్'. ఆ పేరు పక్కనున్న, ఒక్కో కంప్యూటరుకు ఒక్కోటి ఉండే పన్నెండక్షరాల నంబరు కాగితం మీద ఎక్కించుకుంది. ఆ తర్వాత వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ2 అన్నచోట నొక్కి పొడవాటి పాస్‌వర్డ్ పెట్టింది. సెట్టింగుల పేజీకున్న కంపెనీ పాస్‌వర్డూ మార్చేసింది.

అయిదు నిమిషాలు కాలేదు, రవీందర్ మెట్లు దిగి వచ్చాడు. "నెట్ పోయింది అక్కా. నీకు గూడ పోయిందా?"

"నీ ఇంట్ల కనెక్షనే లేదు గదరా. ఏ నెట్ పోయింది నీకు?"

రవీందర్ వెనక్కి మెట్లవైపు తిరిగాడు.

"నా పేరు మీద ఆడపిల్లకు బూతులు రాస్తవా? గందుకేనా తాళం లేకుండ పెట్టింది?" ఆమె అరుపుకు వీధి వీధంతా బయటికొచ్చింది.

ఆమె ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి అతని ల్యాప్‌టాప్ పట్టుకెళ్లారు. ఉషారాణి రాసుకున్న నంబరు దానిదే. మెయిళ్లూ అందులోనే దొరికాయి. అతని వెకిలి వేషాలు భరించలేక నాగలక్ష్మి సెంటరుకు వెళ్లడం మానేసిందని, ఆ కక్షతోనే అతను ఈ పని చేశాడని తేలింది.

"ఇగ మీరు పరేషాన్ గాకుండ్రి" అన్నాడు ఎస్సై.

"నా మొగున్ని అన్న మాట ముందు వాపస్ తీసుకోండ్రి సార్."

ఎస్సై తల దించుకుని, "తప్పయింది మేడం" అన్నాడు.

సోమవారం బడిలో నాగలక్ష్మి ఏడుస్తూ చేతులు పట్టుకుంది.

"మూడు నెలలు నా పక్కన్నే కూసొని తింటివి, ఠాణాకు పోయేముందు నాకొక్క మాట చెప్పకపోతివి" అని ఉషారాణి చేతులు విడిపించుకుంది. ఆ పూట ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని తిన్నారు గానీ, ఆమె మాత్రం నాగలక్ష్మి వైపు తల తిప్పలేదు.