మేనమామ భుజాల దాకా

రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడగదిలో కూర్చుని పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే సత్యకుమారి, ఆ పెళ్లిళ్లలో ఒక్కదానికీ వెళ్లలేదు. పిలిచేవాళ్లు లేక కాదు. వెళ్తే తనూ టేపులో పడుతుంది, పడితే తనని తనే కత్తిరించుకోవాలి. అది ఆవిడకి ఇష్టం లేదు. మొగుడు చిట్టియ్య పెళ్లిళ్లు టేపుల మీద తీసుకొస్తాడు, ఆవిడ కోస్తుంది. మొదట్లో కంప్యూటర్ కొన్నది చిట్టియ్య తను నేర్చుకుందామనే. కుర్చీలో కూర్చోగానే ఆయనకి నిద్రొచ్చేది. ఆయన పడుకున్నప్పుడల్లా ఆవిడ కూర్చుంది. క్రమంగా ఆ కుర్చీ ఆవిడదైపోయింది.

2008 ఎండాకాలానికి భీమవరం వైపు పార్టీలు "హెచ్‌డీ ఉందా అండి?" అని అడగడం మొదలుపెట్టారు. హెచ్‌డీ అంటే ఏంటో అడిగినవాళ్లకీ సరిగ్గా తెలియదు, చిట్టియ్యకీ తెలియదు. "ఆయ్, ఉందండి" అనేవాడు. ఉందని చెప్పి రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నాక ఇక కొనక తప్పలేదు.

భార్యాభర్తలిద్దరూ విజయవాడ వెళ్లారు. ఆ ఎండలో సత్యకుమారి జరీ అంచున్న ఎర్ర పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. కొట్టాయన చూసి, "ఏదైనా ఫంక్షనుకి వెళ్తున్నారా అమ్మా?" అన్నాడు.

"లేదండి, కెమెరా కోసం" అంది.

వాళ్ల పాత కెమెరాకి ఎరుపంటే పడదు. పట్టుచీర ఎరుపు అంచు దాటి పక్కనున్న పెళ్లికొడుకు మీదకి పాకేది. ఏళ్లతరబడి ఆవిడ ఆ ఎరుపుని వెనక్కి లాక్కుంటూ ఉంది. అందుకని కొట్టాయనని ట్యూబులైటు కింద తన చీరని తీయమని, టీవీలో వేసి, దగ్గరగా వెళ్లి అంచు చూసుకుంది.

చిట్టియ్యకి భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా నచ్చింది. అది చూడ్డానికే పెద్దది, లోపల హెచ్‌డీ లేదు. రెండోది టేపు లేకుండా కార్డు మీద తీసేది. బొమ్మ బాగుంది. అయితే అలాంటి కార్డులో తీసిన ముక్క ఒకటి ఎవరినో అడిగి తెచ్చి, ఆవిడ ముందే ఇంట్లో కంప్యూటర్లో వేసి చూసింది. కంప్యూటర్ ఒక బొమ్మ చూపించి, కాసేపు ఆలోచించి, ఇంకో బొమ్మ చూపించింది. మూడోది చిన్నది. టేపు మీదే హెచ్‌డీ తీస్తుంది. ఎరుపు అంచు దాటలేదు. ధర కూడా అందేలా ఉంది.

"ఇక టేపు ఎక్కువ రోజులుండదమ్మా. రేపంతా కార్డే" అన్నాడు కొట్టాయన.

"రేపు కొత్త కంప్యూటర్ కొంటే అప్పుడు చూస్తానండి. ఇప్పుడు నా దగ్గరున్నది పాతది."

చిట్టియ్య ఆ చిన్న కెమెరాని అరచేతిలో పెట్టుకుని దిగులుగా చూశాడు. "ఇది పట్టుకెళ్తే నన్ను పెళ్లికొడుకు స్నేహితుడనుకుంటారే" అన్నాడు. అయినా కోసేది ఆవిడ కాబట్టి అదే కొన్నారు. రాజమండ్రి వచ్చిన వారానికే చిట్టియ్య వెల్డింగ్ షాపులో దానికో ఇనప ఫ్రేము చేయించాడు. ఫ్రేముకి పెద్ద లైటు, బొచ్చు తొడుగున్న మైకు, ఏ పనీ చేయని ఒక నల్ల డబ్బా తగిలించాడు. అన్నీ కలిపి పాత కెమెరా కంటే బరువయ్యాయి. అప్పుడు ఆయన మనసు కుదుటపడింది.

మొదటి పెళ్లి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న సుబ్బరామరాజుగారి అమ్మాయి నాగశ్రీది. టేపులు ఇంటికి వచ్చాక సత్యకుమారి చూసుకుంది. పాత కెమెరాలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పంతులుగారు సగం పట్టేవారు. కొత్తది వెడల్పు. అటు నలుగురు, ఇటు నలుగురు ఎక్కువొచ్చారు. కునుకు తీసేవాళ్లు, పళ్లు కుట్టుకునేవాళ్లు, గొలుసు సరిచూసుకునేవాళ్లు అందరూ స్పష్టంగా ఉన్నారు. అందరికంటే ఎక్కువ కనపడింది అప్పాజీ. ఆయన నాగశ్రీకి మేనమామ, రాజుగారి భార్య వరలక్ష్మమ్మకి తమ్ముడు. పెళ్లికూతుర్ని కూర్చోబెట్టిన బుట్టని మోసిందీ, పంతులుగారు అడిగినవి అందించిందీ, వంటవాళ్లని కేకలేసిందీ ఆయనే.

పని సగంలో ఉండగా రాజుగారు, వరలక్ష్మమ్మగారు మేడెక్కి వచ్చారు. రాజుగారు కుర్చీలో కూర్చుని, "అప్పాజీ ఎక్కడా కనపడకూడదండి" అన్నారు.

పెళ్లయిన నెలకే అప్పాజీ చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. ఆయన ఆ నీళ్లు పక్కనున్న బోదె కాలవలోకి వదిలాడు. ఆ బోదె నీళ్లే రాజుగారి చెరువులోకి వెళ్లాయి. చెరువంతా పోయింది. తను వదలకముందే బావగారి చెరువుకి తెగులుందని అప్పాజీ అంటాడు. మాటలు లేవు, రాకపోకలు లేవు.

వరలక్ష్మమ్మగారు గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నారు.

సత్యకుమారి పని మొదలుపెట్టింది. హెచ్‌డీ బొమ్మ పెద్దది, డీవీడీలోకి వెళ్లేది చిన్నది. కాబట్టి బొమ్మని పెంచి, పక్కకి జరిపి, కావలసినంతే ఉంచుకోవచ్చు. పాత కెమెరాలో అలా పెంచితే మొహాలు అలుక్కుపోయేవి. ఇందులో చెక్కుచెదరలేదు. అప్పాజీ ఎడమవైపుంటే బొమ్మని కుడికి జరిపింది, కుడివైపుంటే ఎడమకి. మధ్యలో ఉంటే ఆ ముక్కే తీసేసింది. పని చక్కగా కుదిరింది. ఆ రోజు అన్నం మాత్రం సయించలేదు.

వారం తర్వాత రాజుగారు ఒక్కరే చూసుకోవడానికి వచ్చారు. తెర మీద నాగశ్రీ ఎవరూ తేకుండానే పీటల మీద కూర్చుని ఉంది. రాజుగారు కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు. కన్యాదానం వచ్చింది. చెంబుతో నీళ్లు పోస్తున్న రాజుగారి చెయ్యి బరువుకి కిందకి వాలుతోంది. ఆ మోచేతి కింద ఎవరిదో చెయ్యి ఆనించి ఉంది. వేలికి పగడపుటుంగరం.

"ఆ చెయ్యెవరిది?"

"మీకు తెలుసు కదండీ."

"తియ్యలేరా?"

"తీస్తే మీ చెయ్యి కూడా పోతుందండి. చెంబొక్కటే మిగులుతుంది."

రాజుగారు ఆ ముక్కని మళ్లీ వేయించుకుని చూశారు. "ఉండనివ్వండి. చెయ్యే కదా" అన్నారు. మళ్లీ తెర వైపు తిరిగి, "అమ్మాయి నడిచి రాలేదు కదండీ. బుట్ట ఏదీ?" అని అడిగారు.

"బుట్ట వేస్తే మోసేవాళ్లు వస్తారండి."

"ఎంతవరకు వస్తారు?"

సత్యకుమారి బొమ్మని పైకీ కిందకీ జరిపి చూసింది. "నడుం వరకు పెట్టొచ్చండి. అయితే అమ్మాయి తల తెగుతుంది. తల పూర్తిగా రావాలంటే వాళ్ల భుజాల దాకా వస్తారు."

రాజుగారు లెక్కవేసుకున్నారు. "భుజాల దాకా ఫర్వాలేదండి" అన్నారు.

బుట్ట మోసింది నలుగురు. అప్పాజీతోపాటు మిగతా ముగ్గురికీ తలలు పోయాయి. వాళ్లు ఏ తగాదాలోనూ లేరు. డీవీడీ ఊరు చేరాక వాళ్లలో ఒకాయన చిట్టియ్యకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. లైటింగు సరిపోలేదని చిట్టియ్య చెప్పాడు.

కొన్నాళ్లకి వరలక్ష్మమ్మగారు పుష్కరాల రేవుకి స్నానానికి వచ్చి, తడి కొంగుతోనే మేడెక్కారు.

"బుట్ట తెచ్చిన ముక్క పూర్తిగా ఉందా అమ్మా నీ దగ్గర?"

"ఉందండి. టేపులు చెరపలేదు."

ఆవిడ కూర్చుని చూశారు. తమ్ముడు చెమటలు కారుస్తూ, పళ్లికిలిస్తూ, బుట్ట ఒకవైపుకి వాలితే అందరి మీదా కేకలేస్తూ వచ్చాడు. ఆవిడ మూడుసార్లు వేయించుకున్నారు. కాపీ తీసిస్తానని సత్యకుమారి అంటే వద్దన్నారు.

"ఇంట్లో ఉన్నది చాలమ్మా. ఎవరొచ్చినా ఆయనే వేసి చూపిస్తున్నారు. బుట్ట రాగానే, 'ఎవరండీ ఈ ముందున్నాయన?' అంటారు. 'మా అప్పాజీ' అని నేను గట్టిగా చెప్తాను."

"రాజుగారు ఏమీ అనరా?"

"టీవీ సౌండ్ పెంచుతారు."

ఆవిడ నవ్వారు. తర్వాత కళ్లు తుడుచుకుని, రేవు నుంచి తెచ్చిన అరటిపళ్లు రెండు బల్ల మీద పెట్టి దిగి వెళ్లిపోయారు.

బావాబావమరుదులు ఆ ఏడాది కలవలేదు. మరుసటి ఏడు నాగశ్రీకి కొడుకు పుట్టినప్పుడు ఇద్దరూ ఆసుపత్రి వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నారని, ఏం మాట్లాడుకున్నారో తెలియదని చిట్టియ్యకి ఎవరో చెప్పారు. బారసాలకి వీడియో వద్దన్నారట.

ఈలోగా భీమవరం చుట్టుపక్కల వేరే మాట పాకింది. రాజమండ్రి చిట్టియ్యగారి దగ్గర చుట్టాలని ఎంతవరకు కావాలంటే అంతవరకు తీసేస్తారట. బుకింగులు పెరిగాయి. తోడల్లుడిని తీయమని ఒకరు, ఆడపడుచుని తీయమని ఒకరు వచ్చేవారు. సత్యకుమారి అందరి మాటా వినేది.

"మొహాలైతే చూద్దామండి. చేతులు మాత్రం తియ్యను" అని చెప్పేది.

ఎందుకని ఎవరూ అడగలేదు. అది హెచ్‌డీ పద్ధతి అనుకున్నారు.